ఎంగిలి పరీక్ష

మార్చి 4

పెట్టె వచ్చింది. గుంటూరు నుంచి రైల్లో పంపింది వసుంధర. స్టేషనుకు నేనే వెళ్లి తెచ్చుకున్నాను. లోపల దూది చుట్టిన పుల్లలు, మూతల గొట్టాలు, ఐసు సంచులు. ఇన్నాళ్లూ ఫోన్లలో వాదించుకున్నదంతా ఈ చిన్న పెట్టెలో పట్టింది.

వసుంధర అక్కడి ల్యాబులో వైరస్ పరీక్షలు చూస్తుంది. రఫీ ఒంగోలులో పసిపిల్లల చెవులు చూస్తాడు, గురువారాలు మా మార్కాపురం ఆస్పత్రికి వస్తాడు. నేను ఇక్కడ పిల్లల డాక్టర్ని. ముగ్గురం కలిసి జిల్లా ఆరోగ్య ఆఫీసరును అడిగింది ఒక్కటే. పుట్టిన బిడ్డకు మడమ గుచ్చి రక్తం చుక్క ఎలాగూ తీస్తున్నాం, చెవి పరీక్ష చేస్తున్నాం, దాంతోపాటు ఈ నోటి తడి పరీక్షా చేర్చండి అని.

రేపు సిస్టర్లకు చెప్పాల్సింది ఇక్కడే రాసి చూసుకుంటున్నా: సీఎంవీ అని ఒక వైరస్. పెద్దవాళ్లకు మామూలు జలుబంత కూడా కాదు. కడుపులో బిడ్డకు అంటితే కొందరికి వినికిడి పోతుంది — పుట్టగానే, లేదా మెల్లమెల్లగా. పుట్టిన మూడు వారాల్లోపు చూస్తేనే కడుపులో అంటిందని తేలుతుంది. ఆ తర్వాత చూసి లాభం లేదు.

పోయిన నెల గిద్దలూరు నుంచి వచ్చిన మూడేళ్ల పాప గుర్తొస్తోంది. వెనక నుంచి చప్పట్లు కొట్టాను, తిరగలేదు. "ఎందుకిట్ల అయింది మేడం?" అని తండ్రి. తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు అని చెప్పాల్సి వచ్చింది.

ఆఫీసరుగారి మాట: "ఒక్క ఆస్పత్రిలో చేసి చూపించండి. జూన్ మీటింగులో చూద్దాం."

జిల్లాలు విడగొట్టాక మా జిల్లా చిన్నదైంది. ఆఫీసులుండే ఒంగోలు మాత్రం అంగుళం కూడా దగ్గరకు జరగలేదు.

మార్చి 5

మొదటి బిడ్డ దగ్గరే ఆగాం. బిడ్డ నాయనమ్మ మంచానికి అడ్డం నిలబడింది.

"ఎంగిలి తీసి ఏం జేస్తారు?"

సిస్టర్ కరుణ — కాన్పుల వార్డంతా ఆమె చేతి మీదే నడుస్తుంది — "చెవులకేమన్నా వచ్చేది ఉంటే ముందే తెలుస్తదవ్వా."

"చెవులేంది, నోరేంది? చెవులకు నోట్లో చూస్తారా యాడన్నా?"

మంచాల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. కరుణా నవ్వింది. ఆ నవ్వులోనే పని అయిపోయింది. సాయంత్రానికి వార్డులో పేరు పడిపోయింది: ఎంగిలి పరీక్ష.

తర్వాత నాకూ కరుణకూ గొడవ. తల్లులకు ఎంత చెప్పాలి? అంతా చెప్పాలంటాను. "అంతా చెప్తే భయపడతారు మేడం. భయపడినోళ్లు చెయ్యనియ్యరు." చెప్పకుండా చేయడం తప్పు అన్నాను. సరే అంది. ముఖం మాత్రం ఒప్పుకోలేదు.

మార్చి 9

పాలు తాగిన గంట తర్వాతే నోట్లో పుల్ల పెట్టాలి. బిడ్డలు గంట ఆగరు. రోజంతా ఇదే పోరు.

మార్చి 18

వసుంధర ఫోన్. హలో అనలేదు. "ఒకటి వచ్చిందే" అంది.

నాగవేణి బిడ్డ. ఆడపిల్ల. గుర్తే నాకు — సన్నగా, పొడుగు జడ, పెద్దదోర్నాల దగ్గర పల్లె, తొలి కాన్పు. అత్తగారిది వెలిగండ్ల వైపు, గొర్రెలవాళ్లు. కాన్పు తేలిగ్గా అయింది. బిడ్డ గట్టిగా ఏడ్చింది. పంపేటప్పుడు ఏ లోపమూ కనిపించలేదు.

నోటి తడిలో కనిపిస్తే సరిపోదు. తల్లి పాలలోంచి కూడా వచ్చి ఉండొచ్చు. మూత్రంలోనూ ఉంటేనే నిజం. అదీ మూడు వారాలు దాటకముందే తీయాలి. దాటడానికి ఎన్నో రోజులు లేవు.

నాగవేణి ఇచ్చిన నంబరు — స్విచ్చాఫ్.

మార్చి 19

స్విచ్చాఫ్. స్విచ్చాఫ్. మధ్యాహ్నానికి ఆ ఊరి ఆశా కార్యకర్త దొరికింది. "ఈడ లేరు మేడం. పిల్లకు గాలి సోకిందేమోనని ఆళ్ల అవ్వ ఊరికి తీస్కపోయినారు. అడివి అంచున. ఆడ సిగ్నలుండదు."

గాలి సోకిందా? అంటే ఏమైంది? పాలు తాగడం లేదా? ఆమెకూ తెలియదు.

మార్చి 20

కరుణ, నేను. దోర్నాల దాకా బస్సు. సెంటరులో శ్రీశైలం పోయే కార్లు వరసగా ఆగి ఉన్నాయి, హోటళ్ల ముందు జనం. ఆటో దొరకడమే కష్టమైంది. చెక్‌పోస్టు దగ్గర గార్డు — "యాడికి?" ఆస్పత్రి కార్డు చూపించాను. ఐసు డబ్బా మూత తీయించి చూసి వదిలాడు.

బిడ్డ బాగుంది! ఒక పూట కక్కిందట, అంతే.

బిడ్డకు చిన్న ప్లాస్టిక్ సంచి అతికించి కూర్చున్నాం. ఎప్పుడు పోస్తుందా అని పన్నెండు మంది ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకసారి సంచి ఊడిపోయింది. మళ్లీ అతికించాం. ఎండ నడినెత్తికి వచ్చింది. ఐసు కరుగుతోంది, నేను డబ్బా మీద తడిగుడ్డ కప్పుతూ ఉన్నాను. ఎందుకొచ్చామో చెప్పాక నాగవేణి నా ముఖం తప్ప ఏమీ చూడడం లేదు.

"నేనేం తిన్నానని వచ్చిందమ్మా ఇది?"

తినడం వల్ల కాదమ్మా.

"మరి యాడికి పోయినానని?"

ఎక్కడికీ పోనక్కర్లేదు. చిన్నపిల్లల ఎంగిలి నుంచి, మూత్రం నుంచి అంటుతుంది. పిల్లలను ఎత్తుకోని ఆడది ఎవరు? నీ తప్పు లేదు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారని అప్పుడు తోచలేదు.

చివరికి పోసింది. అందరూ పెళ్లి జరిగినంత సంబరపడ్డారు.

మార్చి 25

మూత్రంలోనూ ఉంది.

ఏప్రిల్ 3

రఫీ వచ్చాడు. నాగవేణిని పిలిపించాను. వాళ్లమ్మతో వచ్చింది. పాప నిద్రపోవాలి, అప్పుడే పరీక్ష. గంటన్నర జోకొట్టారు. నేను గది బయట తిరుగుతూ ఉన్నాను — నా సొంత బిడ్డ లోపల ఉన్నట్టు.

రెండు చెవులూ వింటున్నాయి. రక్తం బాగుంది, తల స్కానింగు బాగుంది.

"ఇంక ఏం లేదు గదా?" నాగవేణి తల్లి.

"ఇప్పటికి లేదు" అన్నాను. ఆ "ఇప్పటికి" అన్న మాట దగ్గర ఇద్దరి ముఖాలూ మళ్లీ మూసుకున్నాయి. మందు ఇవ్వాల్సిన పని లేదు. నెలల పాటు చెవి చూస్తూ ఉండాలి, అంతే.

ఏప్రిల్ 8

ఆఫీసరుగారి ఫోన్. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది. "వైరస్ ఉంది, బిడ్డ బాగుంది, మందు లేదు. మరి కనిపెట్టి మీరు చేసిందేమిటి డాక్టరుగారూ? ఒక తల్లికి నిద్ర లేకుండా చేయడం తప్ప?"

రేపు చెవి తగ్గితే మనకు మొదటి రోజే తెలుస్తుంది సార్ అన్నాను.

"తగ్గకపోతే?"



ఏప్రిల్ 13

ఆదివారం. గిద్దలూరు. నాయన దుకాణంలో కూర్చున్నాను. బట్టల కొట్టు, మధ్యాహ్నం బేరాల్లేవు. "ఏందమ్మా, ఎవరూ కొనని చీర లెక్క మొకం పెట్టుకున్నావు?" అన్నాడు. చెప్పాను. అంతా విని, "నువ్వు చెప్పకుంటే ఆ పిల్ల నవ్వుతా ఉండేది గదా" అన్నాడు. కోపం వచ్చింది. అన్నం తినకుండా రైలెక్కేశాను. దార్లో కంభం చెరువు మీద ఎండ.

ఏప్రిల్ 17

భయపడిందే అయింది. నాగవేణి ఒంటరిగా వచ్చింది, బిడ్డను ఎత్తుకుని. బస్సులో నిలబడే వచ్చిందట.

"మా అత్తకు తెలిసిపోయింది మేడం. ఆ పొద్దు ఆడ కూర్చున్నోళ్లలో ఎవరో చెప్పినారు. ఫోన్ చేసింది. నీ ఒంట్లో పురుగుంటే నీ పుట్టింట్లోనే ఉండు, నా ఇంటికి తేవాకు అనింది."

మీ ఆయన?

"గొర్రెలు తోలుకోని కోస్తా పక్క పోయినాడు. కోత కోసిన పొలాల్లో ఉంటారు. ఫోన్ చేస్తే... ఆయనేం మాట్లాడ్డు. ఊఁ అంటాడు."

ఏడవలేదు. బిడ్డ టోపీ సరిచేస్తూనే ఉంది. కరుణ నా వైపు చూడకుండా సూదులు సర్దుతోంది. నేను చెప్పింది విని ఉంటే — అని ఆమె అనలేదు. అంటే బాగుండేది.

అంతమందిలో ఎందుకు మాట్లాడాను?

ఏప్రిల్ 24

సెలవు పెట్టి వెలిగండ్ల వైపు వెళ్లాను. అత్త పేరు కోటమ్మ. దొడ్డిలో నీళ్ల డ్రమ్ములు, ఖాళీ గొర్రెల పాక, రెండు మేకలు. నవారు మంచం వాల్చింది, చెంబుతో నీళ్లిచ్చింది. మర్యాదకు తక్కువ చేయలేదు. మాట మాత్రం నేను ఎత్తేదాకా ఎత్తలేదు.

"మా ఇంట్లో ఇట్లాంటి జబ్బులు లేవు డాక్టరమ్మా."

"ఈ వైరస్ నీ ఒంట్లోనూ ఉంటుందవ్వా. నా ఒంట్లోనూ. దాదాపు అందరికీ చిన్నప్పుడే వచ్చి పోయి, లోపల అణిగి ఉంటుంది."

"నాకా?" — నవ్వింది, నమ్మక. "నాకుంటే నా కొడుకులకు రాలే?"

"అందరు బిడ్డలకూ అంటదు. అంటినా ఎక్కువమందికి ఏమీ కాదు."

"మరి ఏం కానిదాన్ని ఎందుకు ఎతికినారు?"

నెమ్మదిగా చెప్పాను. కొందరికి అవుతుంది, ముందు తెలిస్తే చెవికి మిషను పెట్టించవచ్చు, మాటలు వస్తాయి. లేచి మేకలకు రెండు రెమ్మలు వేసి వచ్చింది.

"నువ్వు మంచికే చెప్పినావులే. కానీ నువ్వు చెప్పకుంటే నా కోడలు ఇప్పుడు ఈ మంచం మీద కూర్చోనుండేది. పిల్ల ఉయ్యాల్లో ఉండేది. చెప్పినాక ఊరంతా నన్నే అడుగుతా ఉంది, నీ మనవరాలు మూగదంట గదా అని. నేనేం చెప్పేది?"

మూగది కాదు. వింటోంది. రెండు చెవులూ.

"అదే చెప్పు పొయ్యి ఊరికి" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు. దారి పొడుగునా ఏమీ చూడలేదు.

ఏప్రిల్ 27

వసుంధరతో గంటసేపు. ఆపేద్దామా అన్నాను. ఆపేస్తే వచ్చే బిడ్డకు ఎవరు చెబుతారు అంది. ఒక మార్పు మాత్రం అనుకున్నాం — ఇకమీదట ఫలితం గది తలుపు వేసి, తల్లికీ తండ్రికీ చెప్పాలి. ఇంకెవరికీ కాదు. కరుణ మొదటిసారి నిండుగా తల ఊపింది.

మే 22

ఇది రాయకూడదు. రాస్తాను.

రఫీ నాగవేణి పాపకు మళ్లీ పరీక్ష చేశాడు. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి... మళ్లీ చేశాడు. మిషను మార్చి చేశాడు. నావైపు తిరిగి, "తగ్గింది మేడం. బాగానే తగ్గింది" అన్నాడు, మెల్లగా.

ఆ క్షణంలో నా లోపల ఏదో లేచింది. బాధ కాదు. ఇదిగో చూడండి సార్, తగ్గకపోతే అన్నారుగా — అని. ఒక్క క్షణం. ఆ పసిదాని చెవి పోతుంటే నాకు గెలిచినట్టు అనిపించింది.

తర్వాత నాగవేణిని లోపలికి పిలవాల్సి వచ్చింది. ఆమె నా ముఖం చూసే అర్థం చేసుకుంది. ఏం చూసిందో నా ముఖంలో.

"ఏ చెవి?" అంది.

మే 24

నాగవేణి భర్త శ్రీను వచ్చాడు. గొర్రెలను అన్నకు అప్పజెప్పి, రాత్రంతా లారీల్లో వచ్చాడట. కాళ్లకు ఇంకా పొలం బురద. తలుపు వేసి ముగ్గురం కూర్చున్నాం.

గుంటూరు పెద్ద డాక్టరుగారు ఫోన్లో చెప్పింది చెప్పినట్టే చెప్పాను: మందు ఉంది. చెవి ఇంకా తగ్గకుండా ఆపవచ్చు. ఆపుతుందని గట్టిగా చెప్పలేం. మందు వాడినన్నాళ్లూ రక్తం చూస్తూ ఉండాలి, రోగాన్ని తట్టుకునే కణాలు పడిపోవచ్చు. మొదలుపెట్టాలంటే ఇప్పుడే, ఇంకొన్నాళ్లు పోతే లేదు.

"ఇయ్యకుంటే రెండో చెవి పోతదా?" నాగవేణి.

"పోవచ్చు, పోకపోవచ్చు."

"మీరు ఎప్పుడూ ఇదే మాట మేడం."

శ్రీను ముందుకు జరిగాడు. "గొర్రెపిల్లకు చెవుడుంటే మందలో మాకు తెలిసిపోద్ది మేడం. తల్లి అరిస్తే తిరగదు. మనిషిబిడ్డకు తెలీదా?"

"రెండు చెవులూ పోతే తెలుస్తుంది. ఒక చెవి పోతే రెండో చెవితో తిరుగుతుంది. అందుకే తెలియదు."

నాగవేణి వైపు తిరిగి, "ఇప్పిద్దామా?" అన్నాడు. మా అమ్మ ఏమంటుందో అనలేదు, ఊరేమంటుందో అనలేదు. ఆమెనే అడిగాడు. ఆమె బిడ్డను చూసి, ఊఁ అంది.

మే 30

అడిగేశాను. ఒంగోలు మీటింగులో పాప సంగతి చెప్పనా? పేరు చెప్పను, ఊరు చెప్పను. ఈ ఒక్క బిడ్డ సంగతి చెబితే వాళ్లు ఒప్పుకుంటారు.

నాగవేణి వెంటనే, "వద్దు."

పేరు లేకుండా —

"పేరు లేకున్నా తెలుస్తది. అప్పుడూ మా అత్తకు చెప్పలే మీరు."

అవును. చెప్పలేదు. తెలిసింది.

వసుంధర అంటుంది, ఎవరికీ తెలియకుండా చెప్పవచ్చు, జిల్లా పేరు కూడా మార్చవచ్చు అని. రఫీ అంటాడు, "ఆ తల్లి వద్దన్నాక మన నోరెందుకు మేడం." మధ్యలో నేను. మీటింగుకు ఇంకా అయిదు రోజులున్నాయి... నాకు తెలుసు, చెప్పను. అయినా చెప్పాలనే ఉంది.

జూన్ 4

ఒంగోలు. పొడుగు బల్ల, ఏసీ, సమోసాలు. నా వంతు వచ్చేసరికి సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. చెప్పాల్సిందంతా చెప్పాను — ఎలా తీశాం, ఎలా పంపాం, ఎక్కడ తప్పటడుగు వేశాం. ఫలితం అందరిముందు మాట్లాడడం వల్ల ఒక కుటుంబానికి ఏం జరిగిందో కూడా, ఎవరని తెలియకుండా. అంతవరకే. చెవి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.

ఆఫీసరుగారు అడిగారు: "మరి దొరికిన బిడ్డ ఎలా ఉంది?"

ఇదే ఆ ప్రశ్న. రఫీ బల్ల కింద చెయ్యి పిడికిలి బిగించాడు, నాకు కనిపించింది.

"ఆ తల్లి చెప్పవద్దంది సార్."

ఎవరో నవ్వారు. ఆఫీసరుగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ఫైలు పైకి పంపుతాను. ఏమంటారో చూడాలి" అన్నారు. అంతే. ఔననీ కాదు, కాదనీ కాదు.

బయటికొచ్చాక రఫీ టీ తాగించాడు.

జూన్ 6

వసుంధర కోపంగా ఉంది. ఫోన్ ఎత్తలేదు.

జూన్ 11

పాప రక్తం రిపోర్టు. కణాలు పడ్డాయి. మందు ఆపాం. జ్వరం వస్తే వెంటనే తీసుకురావాలి, పగలూ రాత్రీ లేదు అని చెప్పాను. శ్రీను దోర్నాలలోనే ఆగిపోయాడు, మంద దగ్గరికి పోలేదు.

జూన్ 13

జ్వరం లేదు.

జూన్ 14

జ్వరం లేదు. వసుంధర ఫోన్ చేసింది. "పాప ఎలా ఉంది?" అంది, మిగతా ఏమీ ఎత్తకుండా.

జూన్ 17

కణాలు లేచాయి. మందు మళ్లీ మొదలు. పనిచేస్తోందా, లేదా — జూలైలో రఫీ చూస్తే గానీ తెలియదు. నాగవేణి అడగలేదు. నేను ఏం చెబుతానో ఆమెకు తెలుసు.

పైనుంచి ఏ కబురూ లేదు. పెట్టెలో అడుగు కనిపిస్తోంది. కొత్తవి పంపాలంటే అనుమతి కాగితం కావాలంటున్నారు వసుంధర పైవాళ్లు.

జూన్ 19

ఓపీ మధ్యలో కొత్త నంబరు. ఎత్తితే గాలి హోరు, మేకల అరుపు.

"డాక్టరమ్మా, నేను కోటమ్మను. వెలిగండ్ల."

పాపకు ఏమైనా —

"పాపకేం లే. మావోడు చెప్తానే ఉన్నాడు దినమూ. నేను వేరే దానికి చేసినా." కొంచెం ఆగింది. "మా పెద్దకోడలికి నెలలు నిండుతా ఉండాయి. కనిగిరిలో పురుడు పోసుకుందాం అంటున్నారు ఈళ్లు. నేను మార్కాపురమే అన్నా. మీ ఆస్పత్రిలో ఆ ఎంగిలి పరీక్ష చేస్తారు గదా, అప్పటికి ఉంటదా అది?"

ఎదురుగా బల్ల మీద పెట్టె. మూత తీసే ఉంది.

"తలుపేసి చెప్పాల మల్ల. నాకొక్కదానికే చెప్పాల" అంది.

తల్లికీ తండ్రికీ చెబుతాం అవ్వా అన్నాను.

"సరేలే. ఉంటదా?"

ఉంటుంది, తీసుకురా అన్నాను. ఫోన్ పెట్టేసింది. నాగవేణి పేరు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వసుంధరకు ఇంకా చెప్పలేదు, మాట ఇచ్చేశానని.